దత్తమండలముల మన్రో దొర

తిరుమల శ్రీనివాసునకు నివేదింపబడు పొంగలి గంగాళమొకటి ‘మన్రో గంగాళము’ అని ప్రసిద్ధి కెక్కినది. మంత్రాలయమున శ్రీ రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చెనని ప్రతీతి. అన్యమతస్థుడైన ఒక అధికారి మన భక్తుల హృదయములలో ఇట్లు నిలుచుటకు ఆయన ఉద్యోగధర్మమే ముఖ్యకారణము.

థామస్ మన్రో 1761లో గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైనికుడై చెన్నపట్టణము చేరెను. 1800లో నిజాము నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతములను కంపెనీకి దత్తము చేయగా, 1807 వరకు అచ్చట కలెక్టరుగా నుండెను. పాలెగాండ్ర కలహములతో నలిగిన ఆ సీమలో గుడారములయందు వసించుచు, ఊరూర తిరిగి, పొలములు కొలిపించి, మధ్యవర్తులు లేకుండ రైతులతోనే శిస్తు నిర్ణయించెను.

అయినను ఆ శిస్తు భారమని ఆయనకే తోచెను. మెట్ట, మాగాణులపై నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో పైవారికి వ్రాసెను. ఖజానా అక్కఱలే అప్పుడు గెలిచినవి. ఊళ్లు గుత్తకీయబడెను, రైతులు చితికిరి.

1820లో మద్రాసు గవర్నరై మరలి వచ్చిన మన్రో ఆ మాట మఱువలేదు. రైతువారీ పద్ధతిని పునరుద్ధరించి శిస్తు తగ్గించెను.

1827లో స్వదేశమునకు వెడలుటకు ముందు ఆ సీమను కడసారి చూడవచ్చి, జూలై 6న పత్తికొండలో విసూచివ్యాధిచే మరణించెను. గుత్తిలో ఖననమైన ఆయన అస్థికలు 1831లో చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి చేర్పబడెను.

పదవి చేతికందినప్పుడు పేదవాని భారము తలచుకొనుటయు భగవత్సేవయే.