ఫాబ్రే - సాలీడు విషం

దక్షిణ ఇటలీలోని టరాంటో ప్రాంతంలో సాలీడు కరిచినవారికి నాట్యమే ఔషధమని ప్రజలు శతాబ్దాలపాటు నమ్మారు. ఆ పట్టణం పేరే సాలీడుకు టారంటులా అని స్థిరపడింది. దానిని గూర్చి కథలు ఎక్కువ, పరిశీలన తక్కువ. ఆ విషం చేసే పనిని స్వయంగా చూసి తెలుసుకోదలచినవాడు ఫ్రెంచి కీటక శాస్త్రజ్ఞుడు జీన్ హెన్రీ ఫాబ్రే.

అతడు 1823లో దక్షిణ ఫ్రాన్సులోని ఒక కుగ్రామంలో నిరుపేద కుటుంబంలో జన్మించాడు. చాలీచాలని జీతంతో ఏళ్ల తరబడి ఉపాధ్యాయ వృత్తిలో గడిపాడు. పూలలో ఫలదీకరణం జరిగే విధానాన్ని యువతులకు బోధించాడన్న నేరానికి మతపెద్దల ఆగ్రహానికి గురై, 1870లో ఉద్యోగాన్నీ, అద్దె ఇంటినీ విడువవలసి వచ్చింది. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ అప్పిచ్చి ఆదుకున్నాడు. 1879లో సెరిన్యాన్ గ్రామంలో రాళ్లూ ముళ్లూ నిండిన బీడు భూమిని సంపాదించి అక్కడే స్థిరపడ్డాడు. పంటకు పనికిరాని ఆ నేలలో టారంటులా కలుగులు ఇరవై వరకు ఉండేవి. ఫాబ్రేకు అంతకు మించిన ఐశ్వర్యం లేదు.

కర్రను తొలిచి గూడు కట్టే పెద్ద నల్ల తుమ్మెదను సీసాలో ఉంచి, దాని మూతిని కలుగుపై బోర్లించి ఎండలో గంటల కొద్దీ కాచుకున్నాడు. చాలా సాలీళ్లు గడప దాకా వచ్చి వెనుదిరిగాయి. ఆకలిగొన్న ఒకటి మాత్రం మెరుపులా పైకి దూకింది. తుమ్మెద తక్షణమే మరణించింది. కాటు సరిగ్గా మెడ వెనుక పడింది. ఇది యాదృచ్ఛికమా అన్న సందేహంతో, సాలీడును పట్టకారుతో పట్టి వేరొక తుమ్మెదను పొట్టపై కరిపించాడు. అది ఎగిరింది, ఝంకారం చేసింది. అరగంటకు గాని నేలకొరగలేదు. మరునాటి వరకు దాని కాళ్లలో చలనం కనిపించింది. విషం అదే, తగిలిన చోటు మాత్రమే వేరు. మెడలోని నాడీకేంద్రంపై దెబ్బ తప్పితే ఆ వ్యవధిలో తుమ్మెద ముల్లు సాలీడునే చంపగలదు. వెనుదిరిగిన సాలీళ్లు పిరికివి కావు, అదను కోసం వేచినవి.

మరి పెద్ద ప్రాణుల మాటేమిటి? రెక్కలు వచ్చిన పిచ్చుక పిల్లను కాలిపై కరిపించాడు. కాలు పడిపోయినా, ఆకలి తగ్గలేదు. అతని కుమార్తెలు ఈగలు, రొట్టె, పండ్ల గుజ్జు తినిపించి దానిని కాపాడబోయారు. రెండు రోజుల తరువాత అది మేత ముట్టక, ముడుచుకొని ప్రాణం విడిచింది. ఆనాటి భోజనవేళ ఇంటిల్లిపాదీ మౌనంగా ఉన్నారు. ఎవరూ నిందించలేదు గాని, ఆ చూపులలోని నిష్ఠూరం ఫాబ్రేకు అర్థమైంది. ఇంత చిన్న సత్యానికి ఒక ప్రాణం బలియైనదని అతడు పశ్చాత్తాపపడ్డాడు. అయినా ఆగలేదు. కూరమడిని పాడుచేస్తూ దొరికిన, నేలను తవ్వి జీవించే మోల్ అనే జంతువుపై మరల పరీక్షించాడు. ఆహారం ఎదుట ఉండగానే అది ముప్పదియారు గంటలలో మరణించింది.

ఈ ఫలితాలను బట్టి టారంటులా కాటు మనిషికి కూడా అల్పమైనది కాకపోవచ్చునని అతడు శంకించాడు. ఈ జాతి సాలీళ్లు కరిస్తే మనుషులకు నొప్పి, వాపు కలుగుతాయే గాని ప్రాణాపాయం ఉండదని తరువాతి వైద్యశాస్త్రం తేల్చింది. టరాంటో బాధితులను నిజంగా వేధించినది నల్లని శరీరంపై ఎర్రని మచ్చలుగల వేరొక సాలీడు కావచ్చునని పలువురి అభిప్రాయం. ఆ రెండవదాని భయం కోర్సికా ద్వీపపు పల్లెలలో ఎంతగా ఉన్నదో, అక్కడ ఉపాధ్యాయుడిగా ఉన్న కాలంలో ఫాబ్రే ఎరిగినదే.

పది సంపుటాల కీటక స్మృతులను 1907 నాటికి పూర్తిచేసిన ఫాబ్రే, 1915 అక్టోబరు 11న ఆ బీడు భూమిలోని ఇంటనే కన్నుమూశాడు.