రోగుల దాసుడు కమిల్లస్

పదునాఱవ శతాబ్దమున రోము నగరమునందు వైద్యశాలలకు కొదువ లేదు. కాని వానిలో రోగులకు ఉపచారము చేయు పని మిక్కిలి హీనమైనదిగా ఎంచబడుచుండెను. వేఱొక పని దొరకనివారే కూలికొఱకు అందు చేరుచుండిరి. దాహమని రోగి కేక వేసినను పలుకువారు అరుదు. మాసిన పక్కలు మార్చువారు లేరు. అట్టి పనిని కోరి చేపట్టి, దానికి గౌరవము తెచ్చినవాడు కమిల్లస్ దె లెల్లిస్. అతడు పూర్వాశ్రమమున సైనికుడు. అంతకు మించి జూదరి.

కమిల్లస్ 1550వ సంవత్సరము మే 25వ తేదీన, ఇటలీలోని నేపుల్సు రాజ్యమునకు చెందిన బుక్కియానికో అను ఊర జన్మించెను. తల్లికి వయసు మళ్లిన పిమ్మట కలిగిన బిడ్డ. తండ్రి సైన్యములో ఉద్యోగి. ఇంట నిలుచుట అరుదు. కమిల్లస్ బాల్యముననే తల్లి గతించెను. ఇక అతనిని అదుపులో నుంచువారు లేరైరి. ఆఱున్నర అడుగుల పొడవు, దానికి తగిన బలము, దానిని మించిన ముక్కోపము! ఇరువది యేండ్లు నిండక ముందే అతడు తండ్రితో కలసి తురుష్కులతో పోరుటకై వెనీసు ప్రభుత్వపు కొలువునకు బయలుదేరెను. తండ్రి నడుమనే మరణించెను. కుమారునికి మిగిలినవి కత్తి, జూదము, కాలిపై లేచిన ఒక పుండు. ఆ పుండు జీవితాంతము మానలేదు.

1571వ సంవత్సరమున అతడు చికిత్సకై రోములోని సాన్ జాకొమో వైద్యశాలకు వచ్చెను. అది అసాధ్యరోగులకై ఏర్పడినది. చికిత్స పొందుచు అచ్చటనే పనివాడుగా చేరెను. కాని పేకముక్కలు చేతినుండి దిగలేదు. తోడివారితో తగవులు తప్పలేదు. అధికారులు విసిగి వెడలగొట్టిరి. మరల యుద్ధములు, మరల జూదము. 1574వ సంవత్సరమున నేపుల్సు నగరమున సమస్తమును ఓడి, తుదకు ఒంటిమీది చొక్కాను గూడ పోగొట్టుకొనెను. మన్‌ఫ్రెదోనియా పట్టణమున దేవాలయద్వారము కడ బిచ్చమెత్తుచుండగా, కపుచిన్ సన్యాసుల మఠనిర్మాణములో కూలిపని దొరకినది.

ఆ మఠమునకు సంబంధించిన పనిపై వేఱొక మఠమునకు పోయినపుడు, అచ్చటి పెద్ద అతనికి హితము చెప్పెను. 1575వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన తిరిగివచ్చు దారిలో ఆ మాటలు మనసున పనిచేసినవి. కమిల్లస్ వాహనము దిగి, నేలపై మోకరించి, గడచిన బ్రదుకునకై వెక్కి వెక్కి యేడ్చెను. సన్యాసి కాగోరి ఆ మఠమున చేరెను. కాని కాలిపుండు రేగుటచే వారు ఉంచుకొనలేకపోయిరి. అతడు మరల సాన్ జాకొమోకే రావలసివచ్చెను. వెనుక వెడలగొట్టబడిన చోటనే ఈ పర్యాయము పర్యవేక్షకుడయ్యెను.

తాను రోగియై పడియున్నవాడు గనుక అచ్చటి కొఱతలు అతనికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కూలికి వచ్చినవారిని ఎంత గద్దించినను ఫలము కనబడలేదు. క్రీస్తుపై ప్రేమచే, ప్రతిఫలము కోరక సేవించు పురుషుల సంఘమొకటి కావలెనని 1582వ సంవత్సరమున అతనికి తోచెను. ఐదుగురు తోడైరి. అధికారులు అనుమానించి వారి చిన్న ప్రార్థనగదిని తీసివేయించిరి. ఐనను కమిల్లస్ వెనుదీయలేదు. ముప్పది దాటిన ఆ యాజానుబాహువు పసిపిల్లల నడుమ కూర్చుండి లాటిను నేర్చి, 1584వ సంవత్సరమున గురుపట్టము పొందెను. పిమ్మట సహచరులతో సాంతో స్పిరితో అను పెద్ద వైద్యశాలలో సేవ సాగించెను.

రోగికి అన్నము తినిపించుట, దేహము కడుగుట, పక్క సవరించుట: వీనిలో ఏదియు అల్పము కాదని అతడు బోధించెను. ఒక్కగానొక్క బిడ్డ జబ్బుపడినపుడు తల్లి ఎట్లు చూచునో అట్లు చూడవలెనని మోటువారైన ఆ పురుషులకు నియమము వ్రాసి యిచ్చెను. కిటికీలు తెఱచి గాలి రానిచ్చుట, రోగమునకు తగిన పథ్యము పెట్టుట, అంటువ్యాధి గలవారిని వేఱుగా నుంచుట అతని పద్ధతులు. కొందఱిని ప్రాణముండగనే పాతిపెట్టుచున్నారని తెలిసి, శ్వాస ఆగినట్లు తోచిన పిమ్మట గూడ పావుగంట సేపు ప్రార్థన చేయుచు వేచియుండవలెనని విధించెను.

1586వ సంవత్సరమున ఐదవ సిక్స్తస్ పోపు ఆ సంఘమును ఆమోదించి, నల్లని అంగీపై ఎఱ్ఱని శిలువ ధరించుటకు అనుమతించెను. రెండేండ్లకు నేపుల్సు రేవునకు వ్యాధిపీడితులతో ఓడలు వచ్చినవి. వానిని ఒడ్డు చేరనీయలేదు. కమిల్లస్ అనుచరులు తామే ఓడలెక్కి సేవించిరి. ఇరువురు అసువులు బాసిరి. ప్రాణాపాయమున్నను రోగిని విడువమను వ్రతము 1591వ సంవత్సరమున ఆ సంఘమునకు స్థిరమైనది. 1595వ సంవత్సరమున కొందఱు హంగరీ, క్రొయేషియా యుద్ధభూములకు పోయి క్షతగాత్రులను కనిపెట్టిరి. రెడ్‌క్రాస్ చిహ్నము వీరి శిలువనుండి పుట్టినది కాదు; అది 1864వ సంవత్సరపు జెనీవా ఒడంబడికనాటిది.

1598వ సంవత్సరము డిసెంబరులో టైబర్ నది పొంగి సాంతో స్పిరితో వైద్యశాలలోనికి నీరు రాజొచ్చెను. కమిల్లస్, అతని తోడివారును రాత్రియెల్ల రోగులను మోసికొని మేడ యెక్కించిరి. అప్పటికి అతని కాలిపుండునకు ఇంచుమించు ముప్పది యేండ్లు!

1607వ సంవత్సరమున అతడు సంఘాధిపత్యమును వదలుకొనెను గాని, రోగులను వదలలేదు. పుండునకు తోడు కడుపునొప్పి మొదలగు బాధలు ముదిరినవి. తనకు ఒకరు పరిచర్య చేయుట అతనికి సమ్మతము కాకుండెను. నిలువలేని దినములలో రాత్రివేళ పడకనుండి దిగి, నేలపై ప్రాకుచు ఒక్కొక్క మంచము కడకు పోయి, ఎవరికేమి కావలెనో అడుగుచుండెను. 1614వ సంవత్సరము జూలై 14వ తేదీన, అఱువదినాలుగేండ్ల వయసున, రోములో కన్నుమూసెను. 1746వ సంవత్సరమున పునీతుడుగా ప్రకటింపబడెను.