రాజీ ఎరుగని సత్యవాది హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి)

రాజ్యం విస్తరించి ఖజానా నిండినప్పుడు పాలకులకూ, పెద్దలకూ ఒక మాట అలవాటవుతుంది. కాలాన్నిబట్టి సర్దుకుపోవాలంటారు. ఒకవైపు మేడలు లేస్తుంటాయి, మరోవైపు పూట గడవని ఇళ్ళు పెరుగుతుంటాయి. ఈ తేడా కళ్ళముందే కనిపిస్తున్నా, పరిస్థితులు బాగోలేవు కనుక ప్రస్తుతానికి ఇంతే అని మంచివారు కూడా ఊరుకుంటారు. ఇలాంటి సర్దుబాట్లతో మనసు విసిగిన విశ్వాసి ఏం చేయాలి? కత్తి పట్టి తిరగబడాలా? నోరు మూసుకుని తన నమాజేదో తాను చేసుకోవాలా? ఈ ప్రశ్న ఇస్లామీయ చరిత్ర తొలి తరంలోనే తలెత్తింది. దానికి తన జీవితంతోనే సమాధానం చెప్పిన మహనీయుడు హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి).

ఆయన అసలు పేరు జుందుబ్ బిన్ జునాదా. మక్కా నుంచి సిరియాకు వెళ్ళే వర్తక బిడారుల దారిపై నివసించే గిఫార్ తెగకు చెందినవారు. బాటసారులను దోచుకుంటారన్న అపకీర్తి ఆ తెగకు ఉండేది. అటువంటి తెగలో పుట్టినా, ఇస్లాం గురించి వినకముందే ఆయన మనసు విగ్రహారాధనకు విముఖమైంది. మక్కాలో ఒక ప్రవక్త ప్రభవించారన్న వార్త తెలిసి తన సోదరుడు ఉనైస్‌ను పంపారు. సోదరుడు తెచ్చిన సమాచారంతో తృప్తి కలగక తానే బయలుదేరారు. పరాయి ఊరిలో ఎవరిని అడగాలో తెలియక కాబా ప్రాంగణంలో గడుపుతున్న ఆయనను హజ్రత్ అలీ (రజి) గమనించి, రహస్యంగా దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువెళ్ళారు. ఆయన ఇస్లాం స్వీకరించింది నాలుగోవారుగానో, ఐదోవారుగానో అని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి.

విశ్వాసాన్ని ప్రస్తుతానికి గోప్యంగా ఉంచుకుని తన తెగవారి వద్దకు తిరిగి వెళ్ళమని దైవప్రవక్త (స) ఆయనకు సూచించారు. కాని అబూజర్ (రజి) నేరుగా కాబా వద్దకు వెళ్ళి అందరూ వినేలా కలిమా చదివారు. ఖురైషులు మీదపడి నేలకూలే వరకు కొట్టారు. అప్పటికింకా ఇస్లాం ప్రకటించని హజ్రత్ అబ్బాస్ అడ్డుపడ్డారు. ఈయన గిఫార్ తెగవాడనీ, మీ బిడారులు ఆ తెగ మీదుగానే పోవాలనీ గుర్తుచేశారు. వెంటనే చేతులు ఆగాయి. మరునాడూ అదే జరిగింది. ధర్మాధర్మాల మాట వినని పెద్దలు వ్యాపారం దెబ్బతింటుందనగానే వెనక్కి తగ్గటం అబూజర్ (రజి) తన కళ్ళతో చూశారు.

ఆ తరువాత తన తెగలో ఏళ్ళ తరబడి ధర్మప్రచారం చేశారు. దారిదోపిడీకి పేరుపడ్డ గిఫార్ ప్రజలు విశ్వాసులయ్యారు. కందక యుద్ధం ముగిశాక ఆయన మదీనా చేరి దైవప్రవక్త (స) సాన్నిహిత్యంలో గడిపారు. అక్కడ ఆయన నేర్చుకున్న రెండు పాఠాలు మిగతా జీవితాన్నంతా నడిపించాయి.

మొదటిది సమానత్వం. ఒకసారి కోపంలో ఒక బానిసను తల్లి పేరెత్తి కించపరిచారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని వ్యాఖ్యాతలు రాశారు. ఇది అజ్ఞానకాలపు గుణమని దైవప్రవక్త (స) ఆయనను మందలించి, చేతికింద పనిచేసేవారు మీ సోదరులే కనుక మీరు తినేదే వారికి పెట్టాలని, మీరు కట్టేదే వారికీ ఇవ్వాలని బోధించారు. అప్పటి నుంచి ఆయన తనకెలాంటి వస్త్రమో తన సేవకునికీ అలాంటిదే ఇచ్చేవారు. ఏళ్ళ తరువాత కూడా ఇద్దరినీ ఒకే విధమైన దుస్తుల్లో చూసి జనం ఆశ్చర్యపోయిన సంగతి హదీసు గ్రంథాల్లో నమోదైంది.

రెండోది అధికారం గురించి. తనకు ఏదైనా పదవి ఇప్పించమని ఆయన కోరినప్పుడు, పదవి ఒక అమానతు అనీ, ఆ భారాన్ని మోసే స్వభావం ఆయనది కాదనీ దైవప్రవక్త (స) ప్రేమతో వివరించారు. అబూజర్ (రజి) ఆ మాట శిరసావహించారు. మళ్ళీ ఏనాడూ పదవి దరిదాపులకు వెళ్ళలేదు.

హిజ్రీ 9 (క్రీ.శ. 630)లో తబూక్ ప్రయాణంలో ఆయన ఒంటె నడవలేక వెనుకబడింది. సామాను భుజాన వేసుకుని కాలినడకన ఎడారి దాటి సైన్యాన్ని చేరుకున్నారు. దూరాన ఒంటరిగా వస్తున్న ఆయనను చూసి, ఆయన మరణం కూడా ఒంటరిగానే సంభవిస్తుందని దైవప్రవక్త (స) సూచించినట్లు సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి.

దైవప్రవక్త (స) పరమపదించాక పాతికేళ్ళు గడవకముందే ముస్లింల లోకం మారిపోయింది. క్రీ.శ. 636లో యర్మూక్ విజయంతో సిరియా, ఆ వెనుకే ఇరాక్, 642 నాటికి ఈజిప్టు వారి ఏలుబడిలోకి వచ్చాయి. ఎన్నడూ ఎరుగనంత ధనం మదీనాకు చేరింది. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన కాలంలో బైతుల్‌మాల్ సొమ్మును అందరికీ సమానంగా పంచారు. హజ్రత్ ఉమర్ (రజి) దీవాన్ ఏర్పరచి, ఇస్లాం కోసం ఎవరు ఎంత ముందుగా కష్టపడ్డారన్నదాన్నిబట్టి భత్యం నిర్ణయించారు. బద్ర్ యోధులకు ఏటా 5,000 దిర్హములు, ఆలస్యంగా వచ్చిన సామాన్య సైనికులకు కొన్ని వందలు మాత్రమే దక్కేవి. ఈ వ్యత్యాసం సంపద తేడాలకు దారితీస్తుందని గ్రహించి, తిరిగి అందరినీ సమానం చేయాలని చివరి రోజుల్లో ఆయన సంకల్పించినట్లు చరిత్రకారులు రాశారు. కాని క్రీ.శ. 644లో ఆయన షహీద్ అయ్యారు. భూములు, వ్యాపారాలు, భత్యాలు కలిసి కొన్ని కుటుంబాలు అపార సంపన్నమయ్యాయి.

అప్పుడు సిరియా గవర్నరుగా ఉన్నవారు హజ్రత్ ముఆవియా (రజి). సమర్థులు, ఓర్పు గలవారు, రాజనీతిజ్ఞులు. సరిహద్దుకు ఆవలే రోమన్ సామ్రాజ్యం ఉంది. శత్రువుల గూఢచారులు తిరిగే ప్రాంతంలో పాలకుడు ఆడంబరంగా కనిపించకపోతే లోకువ కడతారన్నది ఆయన వాదన. హజ్రత్ ఉమర్ (రజి) ప్రశ్నించినప్పుడు కూడా ఇదే కారణం చెప్పినట్లు చరిత్రలో ఉంది. ఈ వాదన అర్థంలేనిదని మేమనము. రాజకీయంలో సర్దుబాట్లు ఎప్పుడూ ఇలాంటి సహేతుకమైన కారణాలతోనే మొదలవుతాయి.

సిరియాలో ఉంటున్న అబూజర్ (రజి) ఈ కారణాలను అంగీకరించలేదు. బంగారం, వెండి కూడబెట్టి అల్లాహ్ మార్గంలో ఖర్చుపెట్టనివారికి కఠిన శిక్షను హెచ్చరించే తౌబా సూరాలోని 34వ ఆయతును ఆయన బజారుల్లో, మస్జిదుల్లో వినిపించసాగారు. ఆ ఆయతు పూర్వ గ్రంథప్రజల గురించి వచ్చిందని హజ్రత్ ముఆవియా (రజి) అన్నారు. వారికీ, మనకూ కూడా వర్తిస్తుందని అబూజర్ (రజి) అన్నారు. బైతుల్‌మాల్‌ను అల్లాహ్ సొమ్ము అని పిలవటంపై కూడా ఆయన అభ్యంతరం చెప్పినట్లు తబరీ చరిత్రలో ఉంది. అంతా అల్లాహ్‌దేనన్న సత్యం ఆయనకు తెలియక కాదు. ఆ పేరు చెప్పి పాలకులు ప్రజలకు లెక్క చెప్పకుండా పోతారేమోనన్నది ఆయన శంక. ముస్లింల సొమ్ము అంటే అడిగే హక్కు ముస్లింలకు ఉంటుంది.

ఒక రాత్రి గవర్నరు ఆయన ఇంటికి 1,000 దీనార్లు పంపారట. తెల్లవారాక పంపిన మనిషే తిరిగి వచ్చి, పొరపాటున ఇచ్చానని, వెనక్కి ఇమ్మని ప్రాధేయపడ్డాడు. ఆ సొమ్ములో ఒక్క దీనారు కూడా ఇంట్లో లేదని, రాత్రే పేదలకు పంచేశానని, తిరిగి కూడబెట్టేందుకు మూడు రోజుల గడువు కావాలని అబూజర్ (రజి) చెప్పారు. ఆయన మాటకూ, బతుకుకూ తేడా లేదని ఆ పరీక్షతో తేలిపోయిందని చరిత్రకారులు రాశారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. యాభై రెండున్నర తులాల వెండి లేదా ఏడున్నర తులాల బంగారం విలువ మించిన సొమ్ముపై నలభయ్యో వంతు జకాత్ చెల్లిస్తే, మిగిలినది నిషిద్ధమైన నిల్వ కిందికి రాదన్నది హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) మొదలు అత్యధిక సహాబాల, ఇమాముల అభిప్రాయం. మేము మద్రసాలో చదివిందీ, చెబుతున్నదీ అదే. వారసత్వ చట్టం ఉండటమే సొంత ఆస్తి ధర్మసమ్మతమని రుజువు చేస్తుంది. అవసరానికి మించినదంతా ఇచ్చివేయాలన్న అబూజర్ (రజి) అభిప్రాయాన్ని ఉలమాలు ఆయన సొంత వైరాగ్యంగానే పరిగణించారు. అయితే ఫిఖ్హ్‌లో ఆయన అభిప్రాయం నిలవలేదు కనుక ఆయన ఆవేదన కూడా కొట్టుపడిపోయిందనుకోవటం పొరపాటు. జకాత్ చట్టం చెప్పిన కనీస హద్దు. ఆ హద్దు తాకి, పొరుగింటి ఆకలితో ఇక నాకు పనిలేదని తృప్తిపడే మనసును ఆయన కుదిపారు. జకాత్ లెక్క సరిగ్గా తేల్చి, తన దగ్గర పనిచేసేవాడి కూలి నెలల తరబడి ఆపే ధనికుడికి ఏ ఇమాము ఫత్వా రక్షణ ఇవ్వదు.

పేదలు ఆయన చుట్టూ చేరసాగారు. ధనికులు ఫిర్యాదు చేశారు. గవర్నరు ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి)కి లేఖ రాయగా, ఖలీఫా ఆయనను మదీనాకు పిలిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) స్వయంగా గొప్ప దాత. రూమా బావిని కొని ముస్లింలకు అంకితం చేసినవారు. మదీనాలో కూడా జనం ఇంతకుముందెన్నడూ చూడనట్లు అబూజర్ (రజి) చుట్టూ మూగారు. కల్లోలం రేగకూడదని ఖలీఫా ఆలోచించారు. బుఖారీ ఉల్లేఖనం ప్రకారం, ఇష్టమైతే ఊరికి దూరంగా, అందుబాటులో ఉండమని సూచించారు. బలవంతంగా పంపారని చెప్పే ఉల్లేఖనాలు కూడా ఉన్నాయి. మొత్తానికి అబూజర్ (రజి) మదీనాకు తూర్పున, ఇరాక్ నుంచి వచ్చే దారిలోని రబజా అనే ఎడారి మజిలీకి చేరారు.

ఆయన రబజా చేరేసరికి అక్కడ నమాజుకు ఒక బానిస ఇమామత్ చేస్తున్నాడు. పెద్దాయన వచ్చారని అతను వెనక్కి జరగబోతే ఆయన ఒప్పుకోక, అతని వెనకే నిలబడి నమాజు చేశారు. ఒకనాడు బానిసను తల్లి పేరెత్తి దూషించిన మనిషి ఎంత దూరం నడిచారో ఈ ఘటనే చెబుతుంది.

కూఫా నుంచి కొందరు ఆయన దగ్గరకు వచ్చారు. మీరు జెండా ఎత్తితే మీ వెంట జనాన్ని సమకూరుస్తామన్నారు. ఆయన వయసు, పేరు, పేదల్లో ఆయనకున్న ఆదరణ, తనకు జరిగిన బాధ, అన్నీ తిరుగుబాటుకు అనుకూలమే. ఆయన ససేమిరా అన్నారు. ఖలీఫా తనను ఎక్కడికి పంపినా విని విధేయుడనై ఉంటానని చెప్పి వారిని వెనక్కి పంపారు. పాలకుడి తప్పును ముఖాన చెప్పటం వేరు, ముస్లింల నెత్తురు చిందించటం వేరని ఆయన ఎరుగుదురు. ఆయన మరణించిన కొన్నేళ్ళకే, క్రీ.శ. 656లో తిరుగుబాటుదారులు హజ్రత్ ఉస్మాన్ (రజి)ను షహీద్ చేశారు. ఆ ఫిత్నా వల్ల పేదవాడికి ఒరిగిందేమీ లేదు. సముదాయం మాత్రం చీలిపోయింది.

హిజ్రీ 32 (క్రీ.శ. 652-53)లో రబజాలో అంతిమ ఘడియ వచ్చింది. దగ్గర ఎవరూ లేరు. కఫన్‌కు సరిపడే బట్ట కూడా ఇంట్లో లేదని భార్య విలపించారు. దారివైపు చూస్తూ ఉండమని, విశ్వాసుల బృందం ఒకటి వస్తుందని ఆయన ఓదార్చారు. అలాగే ఒక బృందం వచ్చింది. ప్రాణం పోయే వేళ కూడా ఆయన ఒక షరతు పెట్టారు. గవర్నరుగా గాని, ప్రభుత్వ ఉద్యోగిగా గాని, పాలకుల వార్తాహరుడుగా గాని పనిచేసినవారు ఎవరూ తనకు కఫన్ ఇవ్వరాదన్నారు. వచ్చినవారిలో దాదాపు అందరూ ఏదో ఒక పదవి చేసినవారే. ఒక్క అన్సారీ యువకుడు మాత్రం ముందుకు వచ్చి, తన తల్లి స్వహస్తాలతో వడికిన నూలు వస్త్రాలు తన దగ్గర ఉన్నాయన్నాడు. ఆ వస్త్రాలే ఆయనకు కఫన్ అయ్యాయి. కూఫా నుంచి వస్తున్న హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) జనాజా నమాజు చదివించారు. అదే ఏడాది ఆయన కూడా పరమపదించారు.

ఇరవయ్యో శతాబ్దంలో అబూజర్ (రజి) పేరు మళ్ళీ మారుమోగింది. ఇరాన్‌లో అలీ షరీఅతీ వంటి రచయితలు ఆయనలో విప్లవకారుడిని చూశారు. మరికొందరు సామ్యవాదిగా చిత్రించారు. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ధర్మశాస్త్రం బోధించిన మౌలానా మనాజిర్ అహ్‌సన్ గీలానీ (1892-1956) ఆయన జీవితంపై ఉర్దూలో ప్రత్యేక గ్రంథమే రాశారు. ఎవరి పక్షానికి వారు ఆయనను లాక్కోవచ్చు. కాని ఆయన ఏ పార్టీ పెట్టలేదు, ఎవరి ఆస్తినీ గుంజుకోమనలేదు, ఎవరి దగ్గరా జీతం పుచ్చుకుని మాట్లాడలేదు.

తెలుగులో మనం వాడే రాజీ అనే మాటకూ, సహాబాల పేర్ల పక్కన రాసే రజి అనే మాటకూ మూలం ఒకటే. రెండూ సంతుష్టికి సంబంధించినవి. పెద్దలను సంతోషపెట్టేది ఒకటి, అల్లాహ్ సంతుష్టిని కోరేది మరొకటి. సర్దుబాటు రాజకీయాలతో, పెరుగుతున్న అంతరాలతో విసిగిన మన యువకులు కొందరు అన్నిటిపై ఆశ వదులుకుంటున్నారు. మరికొందరు ఆవేశపడుతున్నారు. అబూజర్ (రజి) ఆ రెండు దారులూ పట్టలేదు. చూసింది చూసినట్లు చెప్పారు. చెప్పేముందు తన ఇల్లు ఖాళీ చేసుకున్నారు, తన సేవకుడికి తన బట్టే కట్టారు. పాలకులను నిలదీసే ముందు మన దుకాణంలో పనిచేసే కుర్రవాడి జీతం, మన ఇంట పాచిపని చేసే తల్లి కూలి, మన గల్లీలోని వితంతువు ఇంటి పొయ్యి ఏ స్థితిలో ఉన్నాయో చూసుకోవటం ఆయన మార్గంలో మొదటి అడుగు. రెండో అడుగు, ఎవరెదుటనైనా నిజం చెప్పటం.

ఆ రెండు అడుగులూ వేసే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.