కూతురి బడి కోసం కోర్టుకెక్కిన ఆలివర్ బ్రౌన్

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, టొపీకా పట్టణం. ఆలివర్ బ్రౌన్ అక్కడ శాంటా ఫే రైల్వే షాపులో వెల్డర్. ఓ చర్చిలో సహాయ పాస్టర్ కూడా.

ఇంటికి ఏడు వీధుల అవతలే సమ్నర్ స్కూల్ ఉంది. కానీ అది తెల్లవాళ్ల పిల్లలకే. నల్లజాతి పిల్ల కాబట్టి ఆయన కూతురు లిండా రైలు పట్టాలు దాటుకుంటూ నడిచి, బస్సెక్కి, దూరంగా ఉన్న మన్రో స్కూల్‌కు వెళ్లాలి. 1950లో ఆలివర్ పాపను వెంటబెట్టుకుని సమ్నర్‌కు వెళ్లారు. చేర్చుకోలేదు. 1951లో మరో 12 మందితో కలిసి కేసు వేశారు. ఆ 12 మందీ తల్లులే. పేరు మాత్రం ఈయనదే నిలిచిపోయింది, వాళ్లను తలిచేవాళ్లు తక్కువ.

1954 మే 17న సుప్రీంకోర్టు జడ్జీలు 9 మందీ ఒకే మాటగా, రంగును బట్టి బడులు వేరు చేయడం చెల్లదని తీర్పిచ్చారు. అప్పటికి లిండా ఆ బడి వయసే దాటిపోయింది. 1961లో, 42 ఏళ్లకే ఆలివర్ కన్నుమూశారు.

గొడవ మాత్రం తీరలేదు. ఏ వీధి పిల్లలు ఏ బడికి పోవాలో హద్దులు గీసేది స్కూల్ బోర్డే. నల్లవాళ్ల ఇళ్లు ఒక పక్క, తెల్లవాళ్ల ఇళ్లు ఇంకో పక్క ఉంటే, చట్టం మారినా బడులు ఎలా కలుస్తాయి? అందుకే 1979లో, తనూ తల్లైన లిండా, మరికొందరు తల్లిదండ్రులతో కలిసి నాన్న కేసును మళ్లీ తెరిపించారు. కింది కోర్టులో ఓడి, అప్పీలులో గెలిచారు. బోర్డు కొన్ని బడులు మూసింది, కొత్తవి కట్టింది. 1999లో కేసు ముగిసింది. ఆలివర్ పోయి అప్పటికి 38 ఏళ్లు.