బడికి పోని పిల్ల, సినిమాలో టీచరమ్మ

ఈసారి నేను జపాన్ దేశపు సినిమా నటి హిదెకో తకామినె గారి గురించి రాస్తున్నాను. సినిమావాళ్ళ గురించి మన గోడపత్రికలో ఎందుకు అని కొందరు అడుగుతారు. మొత్తం చదివి అప్పుడు అడగండి.

ఆమె 1924 మార్చి 27న, జపాన్‌కి ఉత్తరాన ఉన్న హొక్కయిడో దీవిలో హకొదాతె అనే ఊళ్ళో పుట్టారు. నాలుగేళ్ళప్పుడు అమ్మ చనిపోయింది. మేనత్త పెంచుకుని టోక్యో తీసుకుపోయింది. 1929లో 'అమ్మ' అనే సినిమాకి పిల్లల్ని ఎంచుతుంటే ఐదేళ్ళ హిదెకో కుదిరింది. అప్పటి సినిమాల్లో మాటలు లేవు. ఆడపిల్ల వేషాలే కాదు, మగపిల్లాడి వేషాలు కూడా వేయించారు.

ఆ చిన్నపిల్ల సంపాదన మీదే ఇల్లు నడిచేది. చుట్టాలు కూడా దాని మీదే బతికారు. ఎప్పుడు చూసినా షూటింగే, ఇంక బడికెట్లా పోతుంది? మా గూడెంలో కూడా పేరు బడి రిజిస్టర్‌లో ఉండి, మనిషి మిరప చేలో ఉండే పిల్లలున్నారు.

కాని ఒక టీచర్ మంచివారు. ఆమె వేరే ఊరు షూటింగుకి పోయేటప్పుడల్లా రెండు మూడు పిల్లల పుస్తకాలు తెచ్చి చేతికిచ్చేవారు. వాటితోనే చదవడం నేర్చుకుంది. ఆమె కథలో నాకు అన్నిటికన్నా ఇదే నచ్చింది. ఆ టీచర్ తేకపోతే ఏమయ్యేదో! పెద్దయ్యాక మళ్ళీ ఒక బడిలో చేరింది. చదువా, సినిమానా తేల్చుకోమన్నారు. ఇల్లు గడవాలి కదా, చదువే మానేసింది.

1938లో ఆమె చేసిన సినిమా పేరు 'వ్యాసాల తరగతి'. అందులో బడిలో మంచి వ్యాసాలు రాసే బీదపిల్ల వేషం ఈమెదే!

1954లో 'ఇరవై నాలుగు కళ్ళు' వచ్చింది. కినొషిత దాని డైరెక్టరు. 1928లో ఒక దీవిలోని పల్లెకి కొత్త టీచరమ్మ సైకిల్ మీద వస్తుంది. ఆమె హిదెకోనే. ఒకటో తరగతిలో 12 మంది పిల్లలు, అందుకే ఆ పేరు. బీదతనం వల్ల ఒక పిల్ల బడి మానేసి హోటల్లో పనికి పోతుంది. మగపిల్లల్లో ముగ్గురు యుద్ధంలో చనిపోతారు. ఇంకొకతనికి కళ్ళు పోతాయి. అతను చిన్నప్పటి గ్రూపు ఫొటోని వేలితో తడిమి, ఎవరెక్కడ నిలబడ్డారో చెప్తాడు.

1955లో రచయిత జెన్‌జొ మత్సుయామాని పెళ్ళి చేసుకున్నారు. 1979లో నటన మానేశారు. అంతకుముందే, 1976లో, తన జీవితకథ పుస్తకం తెచ్చారు. వేరేవాళ్ళ చేత రాయించుకోలేదు, తనే రాశారు. దానికి బహుమతి కూడా వచ్చింది. తర్వాత ఇంకా పుస్తకాలు రాశారు. 2010 డిసెంబరు 28న, 86 ఏళ్ళ వయసులో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు.

— 9వ తరగతి విద్యార్థిని