ముక్కు చీదడం నేర్పిన డాక్టరమ్మ



మాంటిస్సోరి అనే మాట మీకు కొత్త కాదు. రాజమండ్రిలో గానీ, కాకినాడ, భీమవరం, అమలాపురంలో గానీ నాలుగు వీధులు తిరిగితే ఏదో ఒక బడి బోర్డు మీద ఆ పేరు కనిపిస్తుంది. పక్కనే విజయవాడలో కోటేశ్వరమ్మ గారు ఆ పేరుతోనే బడి, కాలేజీ నడిపి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నిజం చెప్పాలంటే, బీఈడీలో చేరేదాకా అది ఒక మనిషి పేరని నాకే తెలియదండి. ఏదో పద్ధతి పేరనుకునేదాన్ని. ఈ నెల 31న ఆమె పుట్టినరోజు. అందుకని ఈసారి ఈ పేజీ ఆమెకు.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ప్రభుత్వోద్యోగి. మరియా ఒక్కతే సంతానం. చదువుకున్న ఆడపిల్ల టీచరు కావడమే ఎక్కువ అనుకునే కాలం. ఆమె మాత్రం ముందు ఇంజినీరింగ్ అన్నారు, తర్వాత మనసు మార్చుకుని మెడిసిన్ అన్నారు. (మన ఇళ్లలో ఈ రెండు మాటలూ పెద్దవాళ్లు అంటారు, పిల్లలు వింటారు. అక్కడ తిరగబడింది.) తండ్రికి ఇష్టం లేదు, తల్లి మాత్రం వెనక నిలబడింది. రోమ్ విశ్వవిద్యాలయంలో మగపిల్లలతో కలిసి శవాన్ని కోసి చూడడం ఆడపిల్లకు తగదని, ఆ పని సాయంత్రాలు అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా చేయమన్నారు. చేశారు. 1896లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. ఇటలీలో అప్పటికి లేడీ డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఉద్యోగరీత్యా ఆమె మానసిక వైద్యశాలలకు వెళ్లేవారు. బుద్ధిమాంద్యం ఉన్నదని పిల్లల్ని కూడా పెద్దవాళ్లతో పాటు అక్కడే ఉంచేవారు. బోసి గదులు, చేతికి ఆడుకోవడానికి ఒక్క వస్తువు లేదు. తిండి తిన్నాక ఆ పిల్లలు నేల మీద పడ్డ రొట్టె తునకల కోసం వెతుక్కుంటుంటే వాళ్లది తిండి ఆశ అని అక్కడి వాళ్లు చిరాకుపడేవారు. ఆ చేతులకు కావలసింది తిండి కాదు, పని అని ఆమెకు తోచింది. పరికరాలు తయారుచేయించి, పక్కన కూర్చుని నేర్పించారు. కొందరు మామూలు పిల్లలు రాసే పరీక్షలే రాసి పాసయ్యారు. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే, ఆమె దిగులు వేరే. ఈ పిల్లలే ఇంత నేర్చుకున్నప్పుడు, ఏ లోపమూ లేని పిల్లలు బళ్లలో ఇంతకంటే ముందుకు ఎందుకు పోవడం లేదన్నది ఆమె ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెతికే అవకాశం 1907లో వచ్చింది. రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల పేట ఉంది. తల్లిదండ్రులు పొద్దున్నే పనులకు పోతే, పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని ఆ భవనాల యజమానులకు బాధ. ఒక గది ఇచ్చి, వీళ్లను చూసుకోండి చాలన్నారు. జనవరి 6న ఆ గదిలో బడి మొదలైంది. యాభై మంది పైన పిల్లలు, బడి ఈడు కూడా రానివాళ్లు. పిల్లల ఇల్లు అని దానికి పేరు.

ఆ గదిలో జరిగిన ఒక చిన్న సంగతి కోసమే నేనీ వ్యాసం మొదలుపెట్టాను.

ఒక రోజు డాక్టరమ్మ గారు పిల్లలకు ముక్కు చీదుకోవడం ఎలాగో పాఠం చెబుదామనుకున్నారు. కాస్త నవ్వించొచ్చు కూడా అనుకున్నారట. కర్చీఫ్ తీసి, ఎలా మడవాలో, ఎలా పట్టుకోవాలో, చప్పుడు ఎంత తక్కువగా చేయొచ్చో, పక్కవాళ్ల దృష్టి పడకుండా మళ్లీ ఎలా దాచుకోవాలో ఒక్కొక్కటిగా చేసి చూపించారు. ఒక్క పిల్లా నవ్వలేదు. కళ్లార్పకుండా చూశారు. పాఠం అయిపోగానే, నాటకం చూసి తెర పడ్డాక కొట్టినట్టు, గదంతా చప్పట్లు.

ఆమె ఆశ్చర్యపోయారు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ పిల్లలకు ముక్కు అన్నది రోజూ అవమానం తెచ్చే వ్యవహారం. ఎవరో ఒకరు నలుగురిలో కసురుతూనే ఉంటారు, కొందరికైతే కర్చీఫ్‌ను గౌనుకు పిన్నుతో గుచ్చి పంపుతారు. తిట్టినవాళ్లున్నారు గానీ, నెమ్మదిగా కూర్చోబెట్టి ఇది ఇలా చేయాలమ్మా అని చూపించినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆ చప్పట్లు ఆ మర్యాదకు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదండి. టీచరుగా చేరిన మొదటి ఏడు, వానాకాలంలో, యూకేజీ బాబు ఒకణ్ని ఒకే పూటలో మూడుసార్లు ముక్కు కడుక్కు రమ్మని కుళాయి దగ్గరికి పంపాను. మూడోసారి క్లాసంతా నవ్వింది. నేనూ ఆపలేదు. వాడు కడుక్కునే వచ్చాడు పాపం, కానీ చీదడం రానివాడికి కడిగితే ఏం లాభం? ఆ తర్వాత వారం రోజులు వాడు నా వైపు తల ఎత్తి చూడలేదు. శుభ్రత నేర్పుతున్నానని నేననుకున్నాను. ఆ పూట క్లాసులో ముప్పై మంది నేర్చుకున్నది మాత్రం, జలుబు చేసినవాణ్ని చూసి నవ్వొచ్చని.

మాంటిస్సోరి బడిలో మర్యాద అన్నది అక్షరాలు, అంకెల్లాగే ఒక పాఠం. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలోంచి ఎలా వెళ్లాలి, టీచరు వేరే పిల్లవాడితో ఉంటే ఎలా పిలవాలి, తలుపు చప్పుడు కాకుండా ఎలా వేయాలి, కుర్చీ ఎలా ఎత్తాలి, ఇంటికొచ్చినవాళ్లకు ఎలా ఇవ్వాలి, తుమ్ము వస్తే ఏం చేయాలి. ఇవన్నీ చిన్న నాటకంలా చేసి చూపిస్తారు, పిల్లలు వంతులవారీగా చేస్తారు. మీరు గమనించవలసింది ఒక్కటుంది. ఈ పాఠం ఎవరూ తప్పు చేయనప్పుడు చెబుతారు. తప్పు జరిగిన క్షణంలో చెబితే అది పాఠం కాదు, పంచాయితీ. మనం సరిగ్గా అక్కడే మొదలుపెడతాం. చుట్టాలు గుమ్మంలో నిలబడి ఉండగా, పిల్లవాడి భుజం పట్టుకుని, నమస్కారం పెట్టు, పెట్టవేం అని వాళ్ల ముందే గద్దిస్తాం. వాడికి ఆ పూట నమస్కారం అంటే భయం, చుట్టాలంటే చిరాకు.

గదిలో వస్తువులు కూడా ఆమె ఊరికే పెట్టలేదు. ప్రతి పరికరం ఒక్కటే ఉంటుంది. డబ్బుల్లేక కాదు. వేరొకరు వాడుతుంటే ఆగాలి, తన పని అయ్యాక మళ్లీ దాని చోట పెట్టాలి, ఎందుకంటే ఇంకొకరు చూస్తున్నారు. కంచాలు, గ్లాసులు పగిలేవే ఇచ్చారు. ప్లాస్టిక్ కంచం విసిరినా ఏమీ కాదు, పింగాణీ కంచం జాగ్రత్త నేర్పుతుంది. మధ్యాహ్నం భోజనం పిల్లలే ఒకరికొకరు వడ్డించుకునేవారు. ఇంట్లో అన్నీ రెండేసి కొనిపెట్టే మనకు ఇది కాస్త కష్టమైన పాఠమే.

మరొక రోజు ఆమె పెరట్లో ఒక తల్లి చేతిలోంచి నాలుగు నెలల పాపను తీసుకుని క్లాసులోకి వచ్చారు. ఈ పాప ఎంత నిశ్శబ్దంగా ఉందో, ఊపిరి ఎంత మెల్లగా తీస్తోందో చూడమన్నారు. పిల్లలు కాళ్లు దగ్గరికి తీసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గోడ గడియారం చప్పుడు వినబడింది. సైలెన్స్ అని అరిచి తెచ్చే నిశ్శబ్దం మాకు రోజూ తెలిసిందే, రెండు నిమిషాలు ఉంటుంది. ఇది వేరు, నిద్రపోయే పాప ఉన్న ఇంట్లో ఉండే నిశ్శబ్దం. కొన్నాళ్లకు ఆ బడిని చూడడానికి అర్జెంటీనా రాయబారి వచ్చారు. ఆ రోజు సెలవు. పిల్లలే తాళం తీయించి, లోపలికి వెళ్లి, టీచరు లేకుండానే ఎవరి పని వాళ్లు చేసుకుంటూ చూపించారు.

అక్కడినుంచి ఆమె పేరు ప్రపంచమంతా పాకింది. ఆ ఘనతంతా రాస్తే ఈ పేజీ చాలదు. 1934 నాటికి ముసోలినీ ప్రభుత్వంతో చెడి ఇటలీ వదిలారు. స్పెయిన్‌లో ఉండగా అక్కడ అంతర్యుద్ధం వచ్చింది, హాలెండ్ చేరారు.

మీరు పెద్దవాళ్లు కాబట్టి, పిల్లల పుస్తకాల్లో ఉండని ఒక సంగతి కూడా రాస్తాను. 1898లో ఆమెకు ఒక కొడుకు పుట్టాడు, మారియో. పెళ్లి కాలేదు. తెలిస్తే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది. బాబును పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించారు. అప్పుడప్పుడు వెళ్లి చూసేవారు, తల్లినని చెప్పకుండా. లోకంలోని పిల్లలందరి గురించి ఆలోచించిన మనిషి సొంత బిడ్డకు అన్నం పెట్టలేకపోయారు. తన తల్లి పోయాకే, పదిహేనేళ్ల వయసులో, మారియోను దగ్గరికి తెచ్చుకున్నారు. ఆ తర్వాత కూడా చాలాకాలం నలుగురిలో కొడుకని చెప్పుకోలేదు. ఆమెను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పిల్లల్ని నొప్పించకూడదన్న పట్టుదల ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇక్కడ కొంచెం అర్థమైంది.

1939లో దివ్యజ్ఞాన సమాజం వారు, అరండేల్, రుక్మిణీదేవి దంపతులు పిలిస్తే ఆమె మారియోతో కలిసి మద్రాసు వచ్చారు. అప్పటికి 69 ఏళ్లు. మన గోదావరి జిల్లాలు రెండూ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవే. అడయారులో తాటాకు పాకల కింద దాదాపు 300 మంది టీచర్లకు క్లాసులు. ఆమె ఇటాలియన్‌లో చెబితే, మారియో ఇంగ్లిష్‌లో చెప్పేవాడు. కొన్ని నెలలనుకుని వచ్చినవారు ఏడేళ్లు ఉండిపోయారు, ఎందుకంటే 1940 జూన్‌లో ఇటలీ బ్రిటన్ మీద యుద్ధానికి దిగింది. మారియోను శత్రుదేశస్థుడని శిబిరంలో పెట్టారు, ఆమెను అడయారు ఆవరణ దాటొద్దన్నారు. ఆగస్టు 31న, ఆమె 70వ పుట్టినరోజుకు, బ్రిటిష్ ప్రభుత్వం మారియోను విడుదల చేసింది. కానుకగా పంపుతున్నామంటూ వచ్చిన ఆ తంతిలో అతన్ని ఆమె కొడుకు అనే పేర్కొన్నారు. ఆమె అన్నాళ్లూ నలుగురిలో చెప్పుకోలేని మాటను పరాయి ప్రభుత్వం రాసి పంపింది.

మన దేశంలో ఇచ్చిన ఉపన్యాసాల్లోంచి వచ్చిన ఆమె పుస్తకం ది అబ్సార్బెంట్ మైండ్ 1949లో అడయారులోనే అచ్చయింది. ఆరేళ్లలోపు పిల్లలు తమ చుట్టూ ఉన్నదాన్ని ప్రయత్నం లేకుండానే లోపలికి పీల్చుకుంటారని అందులోని ప్రధానమైన మాట. దీనికి ఉదాహరణ కోసం ఇటలీ దాకా పోనక్కర్లేదు. మన గోదావరి జిల్లాల వాళ్ల నోట అండి అన్న మాట, ఆయ్ అన్న మాట ఎవరు నేర్పారు? దానికి సిలబస్ లేదు, హోంవర్క్ లేదు. తాతగారు పాలు పోసే అతనితో అండి అన్నారు, అమ్మమ్మ కూరగాయలమ్మే ఆవిడతో అన్నది, పంటు ఎక్కేటప్పుడు టికెట్టు కుర్రాడితో నాన్న అన్నాడు. ఒడిలో ఉన్న పిల్ల విన్నది.

ఇంగ్లిష్ మీడియం టీచరుగా ఇది చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందే. ప్లీజ్, సారీ, థాంక్యూ, ఎక్స్‌క్యూజ్ మీ మేం బాగానే నేర్పిస్తున్నాం. పిల్లలు మిస్‌కు వంద థాంక్యూలు చెబుతారు. అదే పిల్ల బాత్రూమ్ దగ్గర సాయం చేసిన ఆయమ్మను ఏయ్ అని పిలుస్తుంది. బొమ్మల కారు ఆట ఆడుతూ, గేటు తీయడం ఆలస్యమైందని వాచ్‌మన్ బొమ్మ మీద కేకలేస్తుంది. ఆ కేకల్లోని మాటలు మూడేళ్ల పిల్ల సొంతంగా కల్పించుకున్నవి కావండి. వాటిలో కొన్ని క్లాసులో మా నోటినుంచి వచ్చినవే అయ్యుండొచ్చు.

మరియా మాంటిస్సోరి 1952 మే 6న హాలెండ్‌లో, నూర్డ్‌వైక్ అనే సముద్రతీరపు ఊళ్లో కన్నుమూశారు. పక్కన మారియో ఉన్నాడు. ఇటలీ వాళ్లు తర్వాత తమ వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ వేశారు.

ఈ నెల చివరి వారం ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు కర్చీఫ్ పాఠం పెడుతున్నాం. మడవడం దగ్గరనుంచి దాచుకోవడం దాకా. దయచేసి మీ అబ్బాయి లేదా అమ్మాయి బ్యాగులో మెత్తటి నూలు కర్చీఫ్‌లు రెండు పెట్టి పంపండి. పిన్నుతో గుచ్చొద్దు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మీకు చేసి చూపిస్తారు, ఫోను పక్కన పెట్టి మొత్తం చూడండి. జలుబు లేకపోయినా సరే.