మా సర్వర్ పేరు పట్టాభి

లాస్ట్ సెమ్ మినీ ప్రాజెక్టుకి మేం బ్యాంకు టాపిక్ తీసుకున్నాం. టీమ్‌లో ముగ్గురం. నాది గుడివాడ, ఒకడిది అవనిగడ్డ, ఒకమ్మాయిది బందరు. ఖాతాలు చూసుకునే జావా బీన్స్ అన్నీ ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో, గ్లాస్‌ఫిష్ సర్వర్ మీద ఉంటాయి. క్లయింట్ ప్రోగ్రామ్ నా దాంట్లో. సర్వర్ మెషీన్‌కి పట్టాభి అని పేరు పెట్టింది తనే. ఎవరా పట్టాభి అని అడిగితే, ఇద్దరూ నన్ను అదోలా చూశారు.

రివ్యూ ముందురోజు రాత్రి క్లయింట్ రన్ చేస్తే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వచ్చింది. పింగ్ వెళ్తోంది. 3700 పోర్టు తెరిచే ఉంది. బీన్ పేరులో స్పెల్లింగ్ తప్పుంటే దిద్దాం. అయినా అదే ఎర్రర్. విసుగొచ్చి తాతయ్యకి ఫోన్ చేసి, పట్టాభి ఎవరని అడిగాను. ఆయన గంటసేపు చెప్పారు. తర్వాత నేనూ కొంత చదువుకున్నాను.

భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో డాక్టరీ చదివి బందరులో ప్రాక్టీసు పెట్టారు. బాగా సాగే ప్రాక్టీసుని వదిలేసి స్వాతంత్ర్య పోరాటంలోకి వెళ్లారు. అంతకుముందే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1919లో జన్మభూమి అని ఇంగ్లీషు వారపత్రిక నడిపారు.

నాకు బాగా నచ్చింది మాత్రం బ్యాంకు సంగతి. కాలవల నీళ్లు వచ్చి డెల్టాలో పంట బాగానే పండేది. కానీ పెట్టుబడికి రైతు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాల్సిందే. పట్టాభి గారు 1923 నవంబరులో బందరులోనే ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అప్పు కావాల్సినవాడికీ, డబ్బు దాచుకునేవాడికీ మన ఊళ్లోనే ఒక అడ్రస్ దొరికిందన్నమాట. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పెట్టారు.

రాజకీయాల్లో ఓటమీ చూశారు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్‌కి 1580 ఓట్లు వస్తే, గాంధీగారి మద్దతున్న పట్టాభి గారికి 1377 వచ్చాయి. చాలామందికి ఆయన గురించి తెలిసింది ఈ ఓటమి ఒక్కటే. 1942లో అరెస్టయి దాదాపు మూడేళ్లు అహ్మద్‌నగర్ కోటలో ఉన్నారు. 1948లో అదే పదవికి పురుషోత్తమ్ దాస్ టాండన్ మీద గెలిచారు. 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. ఆయన బ్యాంకు 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ తర్వాతి ఏడాది పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు పనిచేయడం మానేశాయి. తాతయ్య పాత పాస్‌బుక్ ఇంకా బీరువాలో దాచుకున్నారు.

ఫోన్ పెట్టేశాక కోడ్ మాటలోంచే తట్టింది. పాత అడ్రస్‌కి పంపితే డబ్బు చేరదు కదా, మరి మన క్లయింట్ ఏ అడ్రస్‌కి వెళ్తోంది? ఎర్రర్ లాగ్ పూర్తిగా చదివితే అందులో 127.0.1.1 అని ఉంది. అంటే ఎవరి మెషీన్ వాళ్లకే. క్లయింట్ ముందు 3700 పోర్టులో సర్వర్‌ని పలకరించి బీన్ అడ్రస్ అడుగుతుంది. ఉబుంటు హోస్ట్స్ ఫైల్‌లో పట్టాభి అన్న పేరుకి ఆ లోపలి అడ్రసే రాసి ఉంది. సర్వర్ పాపం అదే ఇచ్చేసింది. నా క్లయింట్ ఆ అడ్రస్ పట్టుకుని నా ల్యాప్‌టాప్ తలుపే కొట్టింది. అక్కడ ఎవరుంటారు? ఫైల్‌లో వైఫై ఐపీ రాసి, సర్వర్ రీస్టార్ట్ చేశాం. రాత్రి 2 గంటలకి బ్యాలెన్స్ కనిపించింది. అవనిగడ్డవాడు వేసిన కేకకి పక్క రూమ్‌వాళ్లు లేచొచ్చారు.

పొద్దున రివ్యూలో సార్ స్క్రీన్ చూసి, టెస్ట్ ఖాతాలో సరిగ్గా లక్ష రూపాయలే ఎందుకు పెట్టారని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు ముందురోజైతే నాకు తెలిసేది కాదు. ఈసారి మిగతా ఇద్దరికంటే ముందు నేనే చెప్పాను.